కుందేళ్ల జబ్బు మనకు అంటుకుంటుందా?

పోయిన వానాకాలంలో ఓ సాయంత్రం. దుమ్ముగూడెం అవతల అడవి అంచు పల్లె నుంచి ఒకాయన ఏడేళ్ల కొడుకుని భుజాన వేసుకుని మా ఆసుపత్రికి వచ్చారు. వెనకాలే పిల్లవాడి నాయనమ్మ. కుర్రాడికి ఒళ్లు కాలిపోతోంది. పిలిస్తే పలకడం లేదు. దారిలో ఓసారి ఫిట్స్ కూడా వచ్చాయట.

"జ్వరం ఎన్నాళ్లనుంచి?" అని అడిగాను.

"నాలుగు రోజులాయె సారూ. పెంచుకునే కుందేళ్లు ఆరు వరసబెట్టి చచ్చినయి. ఆ మర్నాడే వీడికి జ్వరం తగిలింది. వాటి రోగమే వీడికి అంటుకుంది," అంది నాయనమ్మ.

ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో జరిగిన వైద్యం ఏమిటో తెలుసా? కుందేళ్ల గూడు తగలబెట్టారు. పిల్లవాడికి దిష్టి తీశారు. కుందేళ్లకు వచ్చిన జబ్బేమిటో కనుక్కోవడానికి తండ్రి ఊళ్లు తిరిగారు. పిల్లవాడి రక్తం పరీక్ష చేయిద్దామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

వేలి మీద సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం పరీక్షిస్తే సంగతి బయటపడింది. ఫాల్సిపారం మలేరియా! అప్పటికే మెదడు దాకా పాకింది. వెంటనే ఆర్టిసునేట్ ఇంజక్షన్లు మొదలుపెట్టాం. మూడోనాటికి కుర్రాడు కళ్లు తెరిచి నాయనమ్మను గుర్తుపట్టాడు. ఇంకో రాత్రి ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను.

మలేరియా క్రిమి ఒంట్లోకి చేరిన తర్వాత జ్వరంగా బయటపడటానికి సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంటే కుందేళ్లు చావకముందే ఆ పిల్లవాణ్ని దోమ కుట్టిందన్నమాట. పాపం, కుందేళ్లకు ఇందులో ఏ సంబంధమూ లేదు.

ఆస్ట్రేలియాలోనూ ఇదే భయం

నాయనమ్మ మాట విని నవ్వకండి. చదువుకున్న దేశాలు కూడా ఇలాగే భయపడ్డాయి.

పంటలను పాడుచేస్తున్న అడవి కుందేళ్లను తగ్గించాలని ఆస్ట్రేలియా ప్రభుత్వం 1950లో మిక్సోమటోసిస్ అనే వైరస్ జబ్బును వాటిలోకి వదిలింది. ఈ జబ్బు వచ్చిన కుందేలుకు కళ్లూ మొహమూ వాచిపోతాయి. మొదట్లో నూటికి తొంభై తొమ్మిది చచ్చేవి. ఒక కుందేలు నుంచి మరో కుందేలుకు దీన్ని మోసేది ముఖ్యంగా దోమే.

సరిగ్గా మరుసటి ఏడాది, 1951లో, అదే ప్రాంతంలో మనుషులకు మెదడువాపు జ్వరాలు వచ్చాయి. "కుందేళ్ల వైరస్ మనుషులకు పాకింది!" అని జనం గగ్గోలు పెట్టారు. అప్పుడు బర్నెట్, ఫెన్నర్, క్లూనీస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎన్నో కుందేళ్లను చంపగల మోతాదు వైరస్‌ను తమ ఒంట్లోకే ఎక్కించుకున్నారు. ముగ్గురికీ ఏమీ కాలేదు. మెదడువాపు తెచ్చింది పూర్తిగా వేరే వైరస్ అని తర్వాత తేలింది. వానలకు పెరిగిన దోమలు రెండు జబ్బులనూ ఒకే కాలంలో తెచ్చిపెట్టాయి. అంతే.

మనమే మోసుకెళతాం

రెండో పెద్ద వైరస్ జబ్బు రక్తస్రావపు జబ్బు. ఇది 1984లో చైనాలో బయటపడి, ఏడాది తిరక్కుండా పద్నాలుగు కోట్ల పెంపుడు కుందేళ్లను చంపింది. నిన్న గంతులేసిన కుందేలు ఇవాళ చచ్చిపడి ఉంటుంది. ఇదీ మనుషులకు రాదు. కాని మన చేతులు, చెప్పులు, గంపలు, గడ్డిమోపుల ద్వారా ఒక గూటి నుంచి మరో గూటికి చేరుతుంది. ఈగలూ మోస్తాయి.

2010లో ఫ్రాన్సులో కనిపించిన దీని కొత్త రకం అడవిలోని చెవులపిల్లులను కూడా చంపగలదు. ఇంట్లో పెంచే తెల్ల కుందేళ్లు యూరపు జాతివి. మన భద్రాచలం అడవిలో తిరిగే చెవులపిల్లి వేరే జాతి. అందుకే చచ్చిన పెంపుడు కుందేలును అడవిలోకి విసరకండి. సున్నం చల్లి లోతుగా పూడ్చండి. ఒకటికి మించి చనిపోతే పశువుల డాక్టరుకు చూపించండి. కుందేళ్లు చచ్చినంత మాత్రాన వైరస్సే అనుకోనక్కరలేదు. తడిగడ్డి తిని కడుపు ఉబ్బినా, ఎండ దెబ్బ తగిలినా చస్తాయి.

మరి కుందేలు వల్ల మనకేమీ రాదా?

వస్తాయి. తామర, గజ్జి లాంటి చర్మవ్యాధులు అంటుకోవచ్చు. కుందేలును ముట్టుకున్నాక పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి. కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించండి. కుందేలు వల్ల రేబిస్ రావడం బహు అరుదు. అయితే ఆ కుందేల్ని అంతకుముందు కుక్క కరిచి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి.

అడవిలో చచ్చిపడిన చెవులపిల్లిని ఇంటికి తెచ్చి వండుకోవద్దు. అది ఏ జబ్బుతో చచ్చిందో మీకు తెలియదు. ఇక వేటాడటం అంటారా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

గుర్తుంచుకోండి

1. అడవి దాపు ఊళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా, కారణం మీకు మీరే ఊహించుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది. అరగంటలోపే ఫలితం తెలుస్తుంది. డబ్బు ఇవ్వనక్కరలేదు.

2. మలేరియా అని తేలితే, జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో ఆపకండి. ఇచ్చినవన్నీ పూర్తిగా మింగించండి.

3. ఫిట్స్, మగత, ఆగని వాంతులు, ఆయాసం, నల్లటి మూత్రం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

4. రాత్రిపూట మందు పూసిన దోమతెరలో పడుకోండి. పట్నం నుంచి అడవి ఊళ్లో బంధువుల ఇంటికి వెళ్లి వచ్చాక జ్వరం వస్తే, ఎక్కడికి వెళ్లారో డాక్టరుకు తప్పక చెప్పండి.

ఆ కుర్రాడు ఈమధ్య నాన్నతో కలిసి మళ్లీ వచ్చాడు. "డాక్టరుగారూ, మళ్లీ కుందేళ్లను పెంచుకోవచ్చా?" అని అడిగాడు. "నిక్షేపంగా పెంచుకో, కాని రాత్రి నువ్వు దోమతెరలో పడుకోవాలి," అన్నాను. ఇదే మాట మీకూ చెబుతున్నాను.