ముల్జిమ్‌కీ ముజ్రిమ్‌కీ మధ్య ఒక పీహెచ్‌డీ

ఈద్ మూడో రోజు ఆపా ఇంట్లో షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అవుతుంటే మా భాంజీ అసలు సంగతి బయటపెట్టింది. సోషియాలజీలో ఎమ్మే అయిపోయింది కదా, ఇక బీఎడ్ చేయదట, క్రిమినాలజీలో పీహెచ్‌డీ చేస్తుందట. "తౌబా, నేరాల చదువా?" అంది ఖాలా. "పోలీస్ నౌకరీ కోసమా?" అన్నారు దూల్హాభాయ్. ఆపా నా వైపు తిరిగి, "తూ బోల్ రే, అఖ్బార్‌వాలా హై నా" అంది.

ఆ పూట నాకు మాట రాలేదు. ఇది ఆపాకి బాకీపడ్డ జవాబు. మీ ఇళ్లలోనూ రేపో మాపో ఈ బహస్ రావచ్చు.

ముందు ఒక గలత్‌ఫహమీ తీసేద్దాం. వేలిముద్రలు, రక్తపు మరకలు పరీక్షించేది ఫోరెన్సిక్ సైన్స్. క్రిమినాలజీ, అంటే ఇల్మె జరాయమ్, అడిగే సవాళ్లు వేరు. ఎవరిని పట్టుకుంటున్నారు, ఎవరికి జమానత్ దొరుకుతోంది, ఎవరికి దొరకట్లేదు, సజా వేస్తే నేరం తగ్గుతోందా, దెబ్బతిన్నవాడి ఇల్లు తర్వాత ఏమవుతోంది?

ఈ ఇల్మ్ గతం ఏమంత షరాఫత్‌గా లేదు. ఇటలీలో లొంబ్రోసో అనే డాక్టరు పుర్రెలు కొలిచి పుట్టు నేరస్థులున్నారన్నాడు. ఇక్కడ అంగ్రేజులు 1871లో చట్టం చేసి కొన్ని కులాలకు కులాలనే "జరాయమ్ పేషా" అన్నారు. మన బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా వచ్చిందే. ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ నిఘాలో ఉంచారు. చట్టం 1952లో పోయింది, ఆ ఊరి పేరు మీద పడ్డ దాగ్ మాత్రం సినిమాల దాకా నడిచొచ్చింది. ఆ ఫైళ్లు రాసిన చేతుల్లో ఎరుకలవాళ్ల చెయ్యి లేదు. చాలా ఏళ్లకు మీనా రాధాకృష్ణ అవే పాత కాగితాలు తిరగేసి, ఉప్పు, ధాన్యం మోసుకుని తిరిగి అమ్ముకునే వాళ్ల తిజారత్‌ను రైళ్లు, సర్కారు ఉప్పు విధానం ఎలా దెబ్బతీశాయో చూపించారు. కాగితాలు మారలేదు, అడిగిన సవాల్ మారింది.

ఇప్పుడు మన సంగతి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ముస్లింలు 14.2 శాతం. 2019 జైళ్ల లెక్కల్లో విచారణ ఖైదీల్లో 18.7 శాతం. ఎందుకలా అన్నది ఆ అంకె చెప్పదు. ఒక వాట్సాప్ గ్రూపులో "వీళ్లింతే" అంటారు, మన గ్రూపులో "అంతా సాజిష్" అంటారు. ఇద్దరూ జైలు గేటు దాకా వెళ్లినవాళ్లు కారు. మహారాష్ట్రలో టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు జైళ్లలోకి వెళ్లి, ముస్లిం ఖైదీలతో కూర్చుని మాట్లాడి రాశారు. చంచల్‌గూడలో, చర్లపల్లిలో ఆ పని ఎవరు చేయాలి? దక్కనీలో చెప్పుకునే గోడును దక్కనీలోనే విని, తెలుగులో రాసిన ఎఫ్ఐఆర్ చదివి, ఇంగ్లీషులో థీసిస్ రాయగల పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు.

ఇక నా హిస్సా. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పాతబస్తీ నుంచి ఎంతమంది కుర్రాళ్లను తీసుకెళ్లారో మీకు యాదే. తర్వాత అదాలత్ వాళ్లను బరీ చేసింది. 2012లో ప్రభుత్వం 70 మందికి ముఆవజా ఇచ్చింది, మరుసటి ఏడు హైకోర్టు ఆ ఉత్తర్వునే కొట్టేసింది. ఆ రోజుల్లో నేను క్రైం వార్తలు రాసేవాణ్ణి. పోలీసుల ప్రెస్‌నోట్ చేతిలో పెట్టుకుని, "ఆరోపణ" అన్న మాట కూడా లేకుండా పేర్లు, గల్లీలు రాసేశాను. బరీ అయినప్పుడు లోపలి పేజీలో నాలుగు లైన్లు. ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు అని ఉర్దూ మీడియంలో ఐదో తరగతికే నేర్పారు నాకు. తెలుగులోకి వచ్చేసరికి మర్చిపోయాను. (ఇంకో తమాషా: ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు.)

అలాగని భాంజీ పోయి ఖౌమ్‌కు వకాలత్ చేయాలని నేననను. అది తహ్కీక్ కాదు. మన గల్లీలో వడ్డీకి తిప్పే ఫైనాన్స్‌వాలాలు, అరబ్బు షేక్‌లకు నికాహ్ చేసి పంపిన ఆడపిల్లలు, పెద్దమనుషుల మాటకు కోర్టులో గవాహీ మార్చినవాళ్లు కూడా ఆమె నోట్‌బుక్‌లోకి వస్తారు. రావాలి. గవాహీ మన మీదికే వచ్చినా సచ్ చెప్పమని సూరె నిసా చదువుకున్నవాళ్లం. థీసిస్ అచ్చయ్యాక "మన పరువు తీసింది" అని మొదట అనేది మనవాళ్లే. ఆపా, పోలీసుల కంటే ఆ రోజుకే నువ్వు ముందు తయారవ్వాలి.

ఖర్చు మాట. నెట్ పరీక్షలో క్రిమినాలజీ విడిగా ఒక సబ్జెక్టు. అందులో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. మన పిల్లలకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో ఆపేశారు. ఆ గుస్సా నాకింకా తగ్గలేదు. మద్రాసు యూనివర్సిటీ, తిరునెల్వేలిలోని మనోన్మణియం సుందరనార్, ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్, వీటిని ముందు చూడమన్నాను. మూడేళ్లకు తక్కువ కాదు, ఆరేళ్లు పట్టొచ్చు. ఆడపిల్లలకు ఇంకో రెండేళ్లు గుంజాయిష్ ఇవ్వొచ్చు, మధ్యలో 240 రోజుల ప్రసూతి సెలవు కూడా ఇవ్వొచ్చని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి రిష్తాల ఫికర్ దీనికి అడ్డు పెట్టొద్దు. నౌకరీకి మాత్రం జమానత్ ఇవ్వలేను. పాఠాలు చెప్పే పోస్టులు తక్కువే.

దూల్హాభాయ్ ఇంకా మొహం ముడుచుకునే ఉన్నారు. ఆపా ఫోన్ చేసి, జైల్లో ఆడపిల్లకి కూర్చోడానికి కుర్చీ అయినా వేస్తారా అనడిగింది. దరఖాస్తుతో పాటు పెట్టాల్సిన ప్రతిపాదన భాంజీ రాసుకుంటోంది. "మామూ, 2007 నాటి నీ వార్తల కత్తిరింపులు ఉన్నాయా?" అని మొన్న అడిగింది. ఉన్నాయి, నా పేరుతో సహా. బీరువా మీది ఆ కట్ట ఇంకా కిందికి దించలేదు.