బిడ్డకు లొంగని మూత

మన ఇళ్ళలో తాళం వేసేది దేనికని అడిగితే బీరువాకు అంటాము, నగలపెట్టెకు అంటాము. మందుల డబ్బాకు అని చెప్పేవారు ఎందరు? పోయిన మాసం చింతామణిలో మా బంధువుల ఇంట జరిగిన సంగతి విన్నది మొదలు ఈ ప్రశ్న మమ్మల్ని వదలలేదు.

ఆ ఇంటి అవ్వకు అరవై అయిదేండ్లు. రక్తపుపోటుకు మాత్రలు వేసుకొంటున్నది. అమెరికాలో ఉన్న పెద్దకొడుకు తెచ్చి యిచ్చిన సీసా మూత ఊరికే తిప్పితే రాదు, అదిమిపట్టి తిప్పవలె. ఆ కిటుకు అవ్వకు ఎవరూ చెప్పలేదు. కీళ్ళనొప్పుల చేతులతో తిప్పి తిప్పి విసిగి, రెండు రోజులు చిన్నకోడలి చేత తీయించుకొన్నది. మూడవనాడు, "పూటపూటకూ నిన్ను పిలిచేదేమి తల్లీ" అని మాత్రలన్నీ తన వక్కాకు డబ్బాలోకి వంచుకొన్నది. ఆ సాయంత్రమే మూడేండ్ల మనుమరాలు ఆ డబ్బా తెరిచి గుప్పెడు మాత్రలు చేత పట్టుకొన్నది. నోట్లో వేసుకొనే లోపల తల్లి కంటపడినది కనుక గండం గడిచినది.

అవ్వను తప్పుపట్టినవారు ఉన్నారు. మేము ఒప్పుకోము. బిడ్డకు రాకూడదని చేసిన మూత అవ్వకు కూడా రాకపోతే, చివరకు అది ఎవరికీ అడ్డు కాదు. పెద్దవారు విసిగి మందును వేరే డబ్బాలోకి మారుస్తారు, లేదా మూత బిగించకుండా వదిలేస్తారు. ఈ నెల మేము చెప్పదలచినది ఇంతే.

ఈ మూత పుట్టుకకు ఒక కథ ఉన్నది. కెనడాలోని విండ్సర్ పట్టణంలో హెన్రీ బ్రో అనే పిల్లల వైద్యుడు ఉండేవారు. పసిబిడ్డలు మాత్రలు మింగి ఆసుపత్రికి రావడం చూచి చూచి ఆయన మనసు విరిగినది. తల్లులకు ఎంత చెప్పినా ప్రమాదాలు ఆగలేదు. చెప్పడం చాలదు, సీసానే మార్చవలెనని ఆయన పట్టుబట్టారు. పీటర్ హెడ్జ్‌విక్ అనే ఆయన రూపొందించిన మూత 1967లో వెలువడినది. దానిని అరచేతితో అదిమి తిప్పవలె. ఆ ప్రాంతంలో పిల్లల విషప్రమాదాలు నూటికి 91 వంతులు తగ్గినవని లెక్క తేలినది.

ఇటువంటి మూతలలో ఒక రకంలోని ఉపాయం చాలా చిన్నది. ఒక మూతలో మరొక మూత ఉంటుంది. పైది ఊరికే తిప్పితే టకటకమని తిరుగుతుందేగాని లోపలిది కదలదు. అదిమినప్పుడే పైదాని పళ్ళు లోపలిదానిని పట్టుకొంటవి. అదమడం, తిప్పడం రెండూ ఒక్కసారే చేయడం పసిబిడ్డకు సులభంగా తోచదు. పెద్దవారికి వేళ్ళలో పట్టు లేకపోయినా, సీసాను బల్లమీద పెట్టి అరచేతి బరువు మోపితే చాలు. బిడ్డను ఆపేది బలం కాదు, కిటుకు. బలంతోనే ఆపజూచే మూత ముందు ఓడిపోయేది అవ్వే గదా!

అమెరికాలో ఇందుకు 1970లో చట్టం చేశారు. పరీక్ష ఎట్లాగంటే, మూడున్నర మొదలు నాలుగుంబావు ఏండ్ల పిల్లలకు సీసా ఇచ్చి 5 నిమిషాలు చూస్తారు. తరువాత తెరిచి చూపించి మరి 5 నిమిషాలు ఇస్తారు. నూటికి 80 మందికైనా అది రాకూడదు. పెద్దల పరీక్ష మాత్రం చాలా కాలం 18 మొదలు 45 ఏండ్ల వారితోనే జరిగినది. మందులు ఎక్కువగా వాడే ముసలివారిని తలచుకొన్నది 1995లో! అప్పటినుంచి 50 మొదలు 70 ఏండ్ల వారిలో నూటికి 90 మంది తెరిచి, మళ్ళీ సరిగా మూయగలగాలని నియమం పెట్టారు.

నూటికి ఇరవైమంది పిల్లలు తెరిచినా ఆ మూత పరీక్షలో నెగ్గినట్లేనని పాఠకులు గమనించవలె. మూత మనకు కొంత వ్యవధి ఇస్తుంది, అంతే. ఎత్తైన అర, దానికి గొళ్ళెం, పెద్దల కన్ను తప్పవు.

ఇక మన సీమ సంగతి. చిక్కబళ్ళాపురంలో ద్రాక్షతోటలు, పూలతోటలు, చింతామణి చుట్టూ టమాటా మళ్ళు, పట్టుపురుగుల ఇళ్ళు, బాగేపల్లి వైపు వేరుశనగ చేలు. ఎటు చూచినా పురుగుమందులు, పట్టుగదులు కడిగే ఫార్మలిన్, బ్లీచింగుపొడి ఇంటి పంచలోనే ఉంటవి. మిగిలిన మందును చల్లనిపానీయం సీసాలో పోసి చూరుకింద పెట్టే అలవాటు మనలో ఇంకా ఉన్నది. రంగుసీసాను చూచిన బిడ్డకు అది మందని ఎట్లా తెలుస్తుంది? 2013 జూలైలో బీహారులోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నదని పరీక్షలో తేలినది. తిండి పాత్ర వేరు, విషం పాత్ర వేరు. ఎటునుంచి ఎటు కలిసినా ముప్పే.

కాబట్టి తల్లులకు, అవ్వలకు మా మనవి. మందును వచ్చిన సీసాలోనే, వచ్చిన పట్టీలోనే ఉంచండి. పట్టీలోని మాత్రలన్నీ ఒకేసారి చిదిమి డబ్బాలో పోయకండి. బిడ్డకు మందు వేసేటప్పుడు మిఠాయి అని చెప్పకండి. కొత్తరకం మూత ఇంటికి వస్తే, అవ్వను కూర్చోబెట్టి నాలుగుమార్లు తీయించి, మూయించండి. అప్పటికీ రాకపోతే సిగ్గుపడక అంగడివానికి చెప్పి, చేతికి వచ్చే రకం అడగండి. బిడ్డ ఏదైనా మింగితే ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి. కిరసనాయిలు, ఆసిడ్ వంటివి పైకి వచ్చేటప్పుడు మరింత హాని చేస్తవి. 108కి ఫోను చేసి, ఆ సీసాను వెంట తీసుకొని ఆసుపత్రికి పరుగెత్తండి.

మన పిల్లలలో ఇంజనీరింగు చదివి సీసాలు, డబ్బాలు తయారుచేసే పనిలో ఉన్నవారికి ఒక్కమాట. మీరు చేసిన మూతను ముందు మీ ఇంటి బిడ్డ చేతికి ఇవ్వండి, తరువాత అవ్వ చేతికి ఇవ్వండి. బిడ్డ విసిగి అవతల పారవేసి, అవ్వ నవ్వుతూ తెరిచిననాడే ఆ మూత పనికివచ్చినట్లు.

చింతామణి అవ్వ ఇప్పుడు సీసాను అరుగుమీద పెట్టి అరచేతితో అదిమి తెరుస్తున్నదట. వక్కాకు డబ్బాలో వక్కలే ఉన్నవి.