రిపోర్టు బాగుంది... మరి మనిషి?

“రిపోర్టులో అంతా బాగానే ఉందన్నారుగా! ఇంకా ఈ నీరసం ఏమిటి?”

థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లలో కొందరికి ఏళ్ల తరబడి ఇంట్లో వినబడే మాట ఇది. అన్నవాళ్లకి చెడు ఉద్దేశం ఉండదు. పడ్డవాళ్లకి మాత్రం ముల్లులా గుచ్చుకుంటుంది. ఈ వారం అలాంటి అక్కచెల్లెళ్ల గురించి చెప్పుకుందాం. జబ్బు పేరు హైపోపారాథైరాయిడిజం. పేరు బారెడు ఉందని పేజీ తిప్పేయకండి. మన వంటింటి భాషలోనే చెప్పుకోవచ్చు.

మెడ ముందు భాగంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుందని మీకు తెలుసు. దాని వెనకాల పప్పు బద్దల్లాంటి నాలుగు బుల్లి గ్రంథులు ఉంటాయి. అవే పారాథైరాయిడ్ గ్రంథులు. మనుషుల్లో వీటిని 1880లో స్వీడన్ దేశంలో ఐవార్ సాండ్‌స్ట్రోమ్ అనే వైద్య విద్యార్థి వర్ణించాడు. రక్తంలో కాల్షియం తగ్గకుండా కాపలా కాయడం వీటి పని. తగ్గితే ఎముకల్లోంచి కొంత తీయిస్తాయి. మూత్రంలో పోయేదాన్ని ఆపుతాయి. విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్పించి, తిన్న తిండిలోని కాల్షియం ఒంటికి పట్టేలా చేస్తాయి. నెలాఖరులో ఇల్లాలు డబ్బు సర్దినట్టే అన్నమాట!

థైరాయిడ్ ఆపరేషన్‌లో ఈ గ్రంథులకు రక్తం అందకుండా పోవచ్చు, లేదా థైరాయిడ్‌తో పాటే అవీ వచ్చేయవచ్చు. చేయి తిరిగిన సర్జన్‌కి కూడా ఒక్కోసారి తప్పదు. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది. కొందరికి శాశ్వతంగా ఉండిపోతుంది. ఈ జబ్బు ఉన్న పెద్దవాళ్లలో నూటికి సుమారు 75 మందికి కారణం మెడ ఆపరేషనే. థైరాయిడ్ జబ్బులు ఆడవాళ్లలోనే ఎక్కువ కనుక ఈ బాధ కూడా మన వంతుకే ఎక్కువ వచ్చింది.

ఆపరేషన్ లేకుండానే వచ్చేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లను ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ రవీందర్ గోస్వామి బృందం చాలా ఏళ్లు పరిశీలించింది. వీళ్లలో కొందరికి ఫిట్స్ వస్తాయి, కళ్లలో శుక్లాలు పడతాయి. ఫిట్స్ చూసి ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. కారణం తెలియని ఫిట్స్ ఉంటే కాల్షియం పరీక్ష ఒక్కసారి చేయించమని డాక్టరుగారిని అడగడంలో తప్పు లేదు.

కాల్షియం తగ్గితే ఎలా తెలుస్తుంది? పెదవుల చుట్టూ, వేళ్ల చివర చీమలు పాకినట్టుంటుంది. పిక్కలు పట్టేస్తాయి. చేతివేళ్లు కొంకర్లు పోతాయి. ఇవి కొంతవరకు పైకి కనబడేవి. కనబడనివి వేరే ఉన్నాయి. మెదడుకి మబ్బు పట్టినట్టుంటుంది. పోపులో ఏం వేశామో, ఏం వెయ్యలేదో గుర్తుండదు. కారణం లేకుండా గుండెదడ, కంగారు. పొద్దున్న లేచేసరికే అలసట.

రావికమతంలో ఓ ఇల్లాలిని ఊహించుకోండి. చోడవరం వైపు ఊరు, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఆవిడకి గొంతు వాపుకి ఆపరేషన్ అయింది, గాటు మానిపోయింది. చూసేవాళ్లకి ఆవిడ ఆరోగ్యంగానే ఉంది. గ్రంథుల డాక్టరుకి చూపించుకోవాలంటే విశాఖపట్నం కె.జి.హెచ్.కి బస్సెక్కాలి. ఆ పూట వంట, పిల్లల బడి, పశువుల మేత ఎవరికి అప్పజెప్పాలి? “ఈ నెల కాదు, పై నెల చూద్దాంలే” అనుకుంటుంది. పై నెల అలా పై పైకి జరుగుతూనే ఉంటుంది!

ఆవిడ చెప్పే నీరసం నిజమేనా? నిజమే. 2002లో జర్మనీలో డాక్టర్ వీబ్కె ఆర్ల్ట్ బృందం ఒక పరిశీలన ప్రచురించింది. ఆపరేషన్ తర్వాత ఈ జబ్బు వచ్చిన 25 మంది ఆడవాళ్లను, అదే ఆపరేషన్ అయినా ఈ జబ్బు రాని మరో 25 మందితో పోల్చి చూశారు. మందులు వాడుతూ, కాల్షియం చాలావరకు అదుపులో ఉన్నా కూడా మొదటివాళ్లలోనే ఆందోళన, దిగులు, ఒంటి బాధలు ఎక్కువగా కనిపించాయి. అంటే ఏమిటి? అంకె సర్దుకున్నంత మాత్రాన మనిషి సర్దుకున్నట్టు కాదు. ఆవిడ సాకులు చెప్పడం లేదు, సోమరితనం అసలే కాదు.

మరి ఏం చేయాలి? ముందు మందుల సంగతి. వీళ్లకి కాల్షియం మాత్రలతో పాటు కాల్సిట్రియాల్ లాంటివి ఇస్తారు. మామూలు విటమిన్ డి ఒక్కటే చాలదా అంటారేమో! వీళ్ల ఒంట్లో బియ్యం ఉన్నా పొయ్యి సరిగా మండదు. అందుకని వండిన అన్నమే పెట్టాలి. కాల్సిట్రియాల్ ఆ వండిన అన్నం.

కాల్షియం కార్బొనేట్ మాత్ర భోజనంతో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. ఇక్కడే మన ఇళ్లల్లో తిరకాసు! అందరూ తిన్నాక, గిన్నెలన్నీ సర్దాక, మూడింటికి ఎప్పుడో తినే ఇల్లాలికి మాత్ర వేళకి ఎలా పడుతుంది? కార్తీక సోమవారం ఉపవాసం అంటే మాత్ర కూడా ఉపవాసమేనా? ఉపవాసాలు మానలేనివాళ్లు ముందుగా డాక్టరుని అడిగి ఏర్పాటు చేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకీ, కాల్షియం మాత్రకీ మధ్య నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. ఐరన్ మాత్ర కూడా కాల్షియంతో కలిపి మింగకూడదు. వేళలు రాసి వంటింటి క్యాలెండరు పక్కన అంటించండి.

“బాగా లేదు కదా, ఇంకో రెండు మాత్రలు మింగేస్తాను” అనుకోవద్దు. రక్తంలో కాల్షియం మామూలుగా డెసిలీటరుకి 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. వీళ్లకి డాక్టర్లు కింది అంచు దగ్గరే ఉంచాలని చూస్తారు. ఎక్కువైతే మూత్రంలోకి పోయి మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడతాయి. అందుకే రక్తంతో పాటు మూత్ర పరీక్షా చేయిస్తారు.

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు కదా! ఉత్తరాంధ్రలో చోళ్లు అనే రాగుల్లో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంది. చోడి అంబలి మంచిదే. కానీ అది మాత్రకి తోడు మాత్రమే, బదులు కాదు. తాంబూలంలో సున్నం వేసుకుంటున్నాం కదా అనీ సరిపెట్టుకోకండి. అది ఒంట్లోకి ఎంత వెళుతుందో లెక్క ఉండదు, ఎక్కువైతే మూత్రపిండాలకి చేటు. పాలు, పెరుగులో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. ఈ జబ్బులో అది రక్తంలో పెరుగుతుంది కనుక ఎంత తీసుకోవాలో డాక్టరునే అడగండి. కోలా డ్రింకులు మానేయడం మేలు.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రలు ఒంటికి పట్టవు. గర్భం వచ్చినా, బిడ్డకి పాలిస్తున్నా మోతాదు మారుతుంది. వెంటనే డాక్టరుకి చెప్పాలి. చేతులు కొంకర్లు పోయినా, గొంతు బిగుసుకుపోయినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో నరంలోకి కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తారు. “నాకు హైపోపారాథైరాయిడిజం ఉంది, ఈ మందులు వాడుతున్నాను” అని ఓ చీటీ రాసి పర్సులో పెట్టుకోండి. మీరు మాట్లాడలేనప్పుడు అదే మాట్లాడుతుంది.

లోపించిన హార్మోన్‌నే అందించే ఇంజెక్షన్లూ వస్తున్నాయి. రోజుకొకసారి చేసుకునే పాలోపెగ్‌టెరిపారాటైడ్‌కి అమెరికాలో 2024 ఆగస్టులో అనుమతి వచ్చింది. మన దగ్గర చాలామందికి మాత్రం ఆధారం మాత్రలే.

చివరగా ఇంట్లోవాళ్లకి ఒక్క మాట. ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు తోడు వెళ్లండి. అంకెలతో పాటు ఆవిడ అలసట, మతిమరుపు, కంగారు కూడా డాక్టరుకి చెప్పండి. ఇంటికొచ్చాక “అంతా బాగుందిగా!” అనకుండా “ఇవాళ ఎలా ఉంది?” అని అడగండి. ఆవిడ విస్తరి మీ విస్తరితో పాటే వేయండి. ఆ మాత్రం చేయలేమా, ఏమంటారు?