ఆప్షన్ల వరుస ఎవరు నేర్పాలి?

ఇంటర్ ఫలితాలు రాగానే విద్యార్థులు నెట్ సెంటర్ల ముందు వరుసలు కడతారు. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు 2016 నుంచి ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ విధానం ఉంది. అందులో సీటు తేల్చేది మార్కులు, రిజర్వేషన్‌తోపాటు విద్యార్థి పెట్టిన వెబ్ ఆప్షన్ల వరుస. మొదటి ఆప్షన్‌లో సీటొస్తే కింద ఏం రాసినా లెక్కలోకి రాదు. అంత కీలకమైన వరుసను చాలాచోట్ల నెట్ సెంటర్ కుర్రాడో, కాలేజీ తరఫున తిరిగే పీఆర్వోనో నిర్ణయిస్తున్నాడు. ఓటీపీ చెప్పేయడమే పిల్లవాడి వంతు!

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత చేరే ఇంటిగ్రేటెడ్ కోర్సుల సంగతి మరీ అన్యాయం. వాటిలో చాలావాటికి దారి 2022లో మొదలైన సీయూఈటీ ప్రవేశపరీక్ష. దాని దరఖాస్తు గడువు సాధారణంగా ఇంటర్ ఫలితాలకు ముందే ముగుస్తుంది. సర్కారు జూనియర్ కాలేజీ పిల్లల్లో చాలామందికి ఆ పేరు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

మాక్ టెస్టులు పెట్టే కాలేజీలు ఒక మాక్ దరఖాస్తు ఎందుకు నింపించవు? డిసెంబరులోనే రెండు పీరియడ్లు కేటాయించి, కుల, ఆదాయ ధ్రువపత్రాలకు ‘మీసేవ’కు ఎప్పుడు వెళ్లాలో చెప్పి, ఆప్షన్లు పెట్టించి చూడాలి. ఇంటర్ బోర్డు ఈ ఏడాదే ఆ ఆదేశం ఇవ్వొచ్చు.