ముద్ర, గోడ, యోడా

2017లో సౌదీ అరేబియాలో ఒక సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకం నవ్వులపాలైంది. అందులో ఒక నలుపు తెలుపుల ఛాయాచిత్రం ఉంది. 1945లో ఫైసల్ (అప్పటికింకా రాజు కాలేదు) ఐక్యరాజ్యసమితి ఒప్పందంపై సంతకం చేస్తున్నారు. ఆయన పక్కన 'స్టార్ వార్స్' యోడా, పొడుగు చెవులతో, బుద్ధిగా కూర్చుని ఉన్నాడు! అది షవీష్ అనే పేరుతో బొమ్మలు వేసే అబ్దుల్లా అల్ షెహ్రీ సృష్టి. పుస్తకం కూర్చినవారు అసలు ఛాయాచిత్రమే అనుకున్నారు. విద్యామంత్రి క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

చాలామంది నవ్వి మరచిపోయారు. నాకు మాత్రం పాప్ ఆర్ట్, గోడరాతల కలయికకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. అందరికీ తెలిసిన సినిమా బొమ్మ, అనుమతి లేని చోట ప్రత్యక్షమైంది. చిత్రకారుడి ప్రమేయం లేకుండానే కావచ్చు, కానీ గోడరాత స్వభావమే అది.

ఈమధ్య ఆ కలయిక పేరిట గ్యాలరీలలో కనబడుతున్నది వేరు. కారిన స్ప్రే రంగు, ఉబ్బిన అక్షరాలు, నడుమ మార్లిన్ మన్రో. 1962లో వార్హోల్ వేసిన సూప్ డబ్బాలు అతని దేశపు వంటింటివి. 1980ల తొలినాళ్లలో కీత్ హారింగ్ న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్లలో ఖాళీ ప్రకటన పలకల నల్లకాగితంపై సుద్దముక్కతో గీశాడు, పట్టుబడతానన్న భయంతోనే. ఆ వంటిల్లూ లేక, ఆ భయమూ లేక, కారిన రంగును మాత్రం తెచ్చుకుంటే అది అద్దెకు తెచ్చిన అల్లరి.

అబ్దుల్‌నాసర్ ఘారెం అలా తెచ్చుకోలేదు. సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ హోదా దాకా వెళ్లిన ఈయన రబ్బరు ముద్రల అక్షరాలను వేలసంఖ్యలో పలకపై పేర్చి, వాటి మీద బొమ్మ వేస్తాడు. దూరం నుంచి బొమ్మ, దగ్గరికి వెళితే తిరగబడిన అక్షరాలు. ముద్ర మహిమ మాబోటి ప్రవాసులకు వేరే చెప్పాలా? ఒకప్పుడు ఇఖామాకూ ముద్రే, సెలవుకూ ముద్రే. నేను రాసే మందుచీటీ కూడా నా పేరున్న ముద్ర పడితేనే చెల్లుతుంది. ఇక్కడి సూప్ డబ్బా అదే.

ఆయన వీధి పని మరీ బరువైనది. దక్షిణాన తిహామా ప్రాంతంలో 1982 వరదకు భయపడి గ్రామస్థులు ఒక కాంక్రీటు వంతెనెక్కారు. వరద వంతెనతో సహా వారిని తీసుకుపోయింది. దశాబ్దాల తరువాత, మిగిలిన ముక్కపై ఘారెం బృందం 'సిరాత్', అంటే దారి, అన్న ఒక్క మాటనే మళ్లీ మళ్లీ స్ప్రే చేసింది. మెరుగులు దిద్దిన ముద్రల పలకల కన్నా నాకు ఇదే గొప్పగా తోస్తుంది. దీన్ని ఎవరూ డ్రాయింగు రూములో తగిలించుకోలేరు.

ఆ వంతెన చిత్రాలు చూసినప్పుడల్లా మా ఊరి గోడలు గుర్తొస్తాయి. ఎన్నికలకు ఎంతో ముందే సున్నం కొట్టి, మూలన పార్టీ పేరు రాసి, గోడను ఆపిపెట్టుకునేవారు. కింద చిరిగిన సినిమా పోస్టరు, పైన ఎవరో రాసిన ప్రేమికుల పేర్లు. పాప్ ఆర్టూ గోడరాతా అక్కడ ఎప్పుడో కలిసిపోయాయి. ఆ గోడను కాన్వాసు పైకి తెచ్చిన తెలుగు చిత్రం నా కంటబడలేదు. మీరెవరైనా చూసి ఉంటే చెప్పండి, ఈసారి సెలవులో వచ్చి చూస్తాను.