సంఘ కార్యాలయానికి రౌటర్

జగదల్‌పూర్ నుండి సుక్మా, కోంటా మీదుగా తెలుగునేలకు దిగే జాతీయ రహదారిపై తోంగ్‌పాల్ వున్నది. ఆ చుట్టుపట్ల ఆదివాసీలు వాగుల ఇసుకను, మట్టిని కడిగి తగరపు ఖనిజాన్ని వేరుచేసి అమ్ముకుంటారు. వై-ఫై రౌటర్ లోపలి పలకకు విడిభాగాలను అతికే టంకంలో ప్రధాన లోహం తగరమే. ముడిసరుకు తీసే చేతులకు ఆ యంత్రపు ప్రయోజనం కూడా అందవలెనన్నది మా వాదన.

ఇది విలాసానికి సంబంధించిన విషయం కాదు. అసంఘటిత కార్మికుల నమోదుకై 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ-శ్రమ్ మొదలు భవిష్యనిధి ఖాతా వరకు నేడు ఇంటర్నెట్‌పైననే నడుస్తున్నవి. సంఘ కార్యాలయంలో ఆ సదుపాయం లేకున్నచో కార్మికుడు ఒక్క దరఖాస్తుకై ఒక దినపు కూలి పోగొట్టుకొని పట్నం పోవలసివస్తుంది.

కనుక ఇట్టి చోట్ల చిన్న కార్యాలయం నడిపేవారు మొదట విచారించవలసినది రౌటర్ ధర కాదు. అచ్చటికి ఏ లైను వస్తుందన్నది. ఫైబరు వుంటే ఒక రకం, సెల్‌ఫోను సిగ్నలే దిక్కయితే సిమ్‌కార్డుతో నడిచే రకం కావలెను. రెండవ పక్షంలో వివిధ కంపెనీల సిమ్‌లను ఆ గదిలోనే, వేర్వేరు వేళల్లో పరీక్షించి మరీ కొనవలెను. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగవంతమైనదే గాని గోడలు దాటడంలో బలహీనం, 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదియైనా దూరం పోతుంది. రెండూ వున్న రౌటరే మేలు. కరెంటు పోయినపుడు పని ఆగకుండా దానికి సరిపడు చిన్న బ్యాటరీ కూడా అవసరం. రెండు గదుల కార్యాలయానికి ఎనిమిది యాంటెన్నాల ఆర్భాటం అనవసరం. అది చందా డబ్బు.

అయితే అన్నింటికన్న ముఖ్యమైనది భద్రత. సభ్యుల పేర్లు, ఆధార్ సంఖ్యలు, యాజమాన్యంపై ఫిర్యాదులు ఆ యంత్రం గుండానే పోతాయి. ఇవి పరుల చేతికి చిక్కితే కార్మికుని ఉద్యోగానికే ముప్పు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 రక్షణ వున్నదానిని, తయారీదారు సాఫ్ట్‌వేర్ సవరణలు ఇంకను పంపుతున్నదానిని ఎన్నుకోవలెను. కొన్ననాడే కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చవలెను. వచ్చిపోయేవారికి వేరుగా గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వవలెను.

సభ్యత్వ పుస్తకాన్ని తాళంలేని పెట్టెలో పెట్టే కార్యదర్శిని ఏ సంఘమూ సహించదు. రౌటర్ కూడ అట్టి పెట్టెయే. దాని ఎంపికను దుకాణదారునికి వదలక, కార్యవర్గ సమావేశంలో చర్చించి నిర్ణయించవలెనని, దాని తాళం వేయుట కనీసం ఇద్దరు సభ్యులు నేర్వవలెనని మా సూచన.