తలలో నీరు తీయడమంటే భయమెందుకు?



“తలకు రంధ్రం చేస్తారట!” ఈ మాట వినగానే సంతకం పెట్టవలసిన చెయ్యి వణుకుతుంది. “ఊరినుండి పెద్దవాళ్లు రానివ్వండి, రేపు చెబుతాం” అంటారు. ఆ రేపటిలోగా ప్రమాదం ముదిరిపోవచ్చు.

మన మెదడు లోపలి గదులలో నీరువంటి ద్రవం రోజుకు సుమారు అర లీటరు ఊరుతుంది. ఊరినది ఊరినట్టే రక్తంలో కలిసిపోతుంది గనుక, పెద్దవారిలో ఏ సమయంలోనైనా 150 మిల్లీలీటర్ల వరకే ఉంటుంది. బి.పి. పెరిగి మెదడులో రక్తనాళం చిట్లితే, ఆ రక్తం గడ్డకట్టి ఈ దారిని మూసివేయవచ్చు. తూము పూడినా ఊట మాత్రం ఆగదు. పుర్రె సాగదు గనుక ఒత్తిడంతా మెదడుమీద పడుతుంది. రోగి మగతలోకి జారిపోతాడు.

అప్పుడు వైద్యులు పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టం ద్వారా ఆ నీటిని బయటి సంచిలోకి దించుతారు. దెబ్బతిన్న మెదడును ఇది బాగుచేయదు. పోయిన మాట తిరిగి వస్తుందన్న హామీ లేదు. కాని ఒత్తిడి తగ్గించి ప్రాణం నిలబెట్టే అవకాశమిస్తుంది.

సంచి ఎత్తును చెవి మట్టంనుండి కొలిచి అమర్చుతారు. అది కిందికి దిగితే నీరు ఎక్కువగా పోతుంది, పైకి లేస్తే ఆగిపోతుంది. అందుచేత నర్సుకు చెప్పకుండా మంచం ఎత్తవద్దు, రోగిని కూర్చోబెట్టవద్దు. గొట్టం తాకితే క్రిములు లోపలికి చేరవచ్చు.

కొందరికి కొద్ది రోజులలో దారి తెరుచుకుంటుంది. తెరుచుకోనివారికి చర్మం కిందుగా తలనుండి కడుపులోకి ‘షంటు’ అనే గొట్టం వేస్తారు. ఖరీదైన విదేశీ షంటే కావాలని అప్పులపాలు కానక్కరలేదు. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే చౌకైన ఛాబ్రా షంటు దానికి తీసిపోలేదని ఉగాండాలో 195 మంది పిల్లలపై జరిపి 2005లో ప్రచురించిన పరిశీలనలో తేలింది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంటికి వచ్చాక తలనొప్పి, వాంతులు, మగత, జ్వరం, నడక తడబాటు, మూత్రం ఆపుకోలేకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట పడిపోయినా 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవకు కేంద్రం మన అల్వాల్‌కు దగ్గరలోని దేవరయాంజాల్‌లోనే ఉంది.

బి.పి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. సంఘంలో ఎవరికైనా ఈ కష్టం వస్తే, పరామర్శతో సరిపెట్టక, డాక్టరు చెప్పేది వినడానికి వారి పక్కన ఒకరు నిలబడండి. వణికే చేతికి ఆ తోడు చాలా అవసరం.